తుమ్మలూరు వాళ్ళిద్దరు

క్యాంప్ బాస్ అనే పేరు విని మోసపోవద్దు. పేరులో బాస్ ఉండాడు గానీ ఉద్యోగంలో లేడు. మూడు వందల మంది మొగోళ్ళుండే ఇంటికి అత్తగారి పెత్తనం అది. ఎవడు తిన్నాడు, ఎవడు అలిగి పండుకున్నాడు, బాత్రూంలో నీళ్ళెందుకు రాలేదు, ఎవని జొరం నిజం, ఎవని జొరం దొంగది, ఇదే పని. తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ పడతాయి. కూలోళ్ళు కంపెనీ మనిషంటారు, కంపెనీ వాళ్ళు కూలోళ్ళ మనిషంటారు.

ఈమధ్య మా రాయచోటి పక్క పిల్లోళ్ళు కొందరు ఇదే ఉద్యోగం మీద కువైట్‌కు పోతా, "బాషన్నా, అంత కాలం చేసినావు కదా, రెండు ముక్కలు చెప్పు" అని అడిగినారు. నోటితో చెప్తే ఒక కథలోంచి ఇంకో కథలోకి పోయే రోగముంది నాకు. అందుకే రాస్తాండా. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి మారినాను అనేటివి దీంట్లో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు.

ఏవూరు, ఏ ఇంటిపేరు

మా క్యాంపు కువైట్‌లో అబ్బాసియాలో, కంపెనీ సామాన్ల గోడౌన్ దజీజ్‌లో. బిల్డింగులు కట్టే కంపెనీ. మనుషులు ఎక్కువ మంది మా కడప వాళ్ళే. అప్పటికి అన్నమయ్య జిల్లా అనేది లేదు, అంతా కడపే.

కొత్త మనిషి ఎయిర్‌పోర్టు నుంచి సంచి పట్టుకొని వస్తాడు. పాస్‌పోర్టులో పేరు చూసి పిలవద్దు. సగం మంది షేకులుంటారు, సగం మంది వెంకటరమణలుంటారు. నేనే షేక్ మహబూబ్ బాషాను, ఆ క్యాంపులో నాతో కలిపి అరడజను మంది మహబూబ్ బాషాలం. అందుకని గాలివీడు బాషా, సుండుపల్లి బాషా, చిన్నమండెం బాషా. నేను రాయచోటి బాషా. రాయచోటిలో నన్నెవరూ ఆ పేరుతో పిలిచినోళ్ళు లేరు.

నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఏవూరప్పా, ఏ ఇంటిపేరు?" ఈ రెండూ తెలిస్తే రూము ఏదో తేల్చొచ్చు. మొదట్లో నాకు తెలీక, ఒకే ఇంటిపేరోళ్ళను ఒకే రూములో వేసినా. అన్నదమ్ములు కదా, కలిసుంటారు అనుకున్నా. వాళ్ళకేమో ఇండియాలో పొలం గెట్టు తగాదా. ఒకరోజు సాంబారు దబర ఎగిరి గోడకు తగిలింది. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఊరొకటైతే మంచిది, ఇల్లు మాత్రం వేరే కావల్ల. ఒకే ఊరోళ్ళకు మాట్లాడుకోను మనుషులుంటారు, ఒకే ఇంటోళ్ళకు కొట్లాడుకోను భూమి ఉంటాది.

ముళ్ళచెట్ల ఊరి ఇంజనీరు

మా ప్రాజెక్టు ఇంజనీరు ఒక ఇంగ్లీషాయన, పేరు థార్న్‌లీ. పనిలో దిట్ట. మనుషుల విషయంలో పరాకు. ఏండ్ల తరబడి కింద పనిచేసిన మేస్త్రీ పేరు కూడా ఆయనకు తెలీదు, "ఆ పచ్చ టోపీ" అంటాడు. అట్లాంటి మనిషికి ఒక పిచ్చి ఉండేది. ఏ ఊర్లో దిగినా హోటల్ రూములో ముందు టెలిఫోన్ డైరెక్టరీ తెరుస్తాడు. తన ఇంటిపేరున్నోళ్ళు ఆ ఊర్లో ఎంతమందో చూసుకుంటాడు.

ఒకరోజు కాంక్రీటు లారీ రాక సైట్లో నీడన కూర్చున్నాం. నేను కొత్తాయన్ని ఊరూ ఇంటిపేరూ అడుగుతాంటే విని, అదెందుకు అడుగుతావని అడిగినాడు. చెప్పినా. మాలో చానామందికి ఊరి పేరే ఇంటిపేరు సార్ అన్నా. ఆయన కుర్చీ నా పక్కకు జరుపుకున్నాడు. అన్నేండ్లలో ఆయన నా పక్కకు జరగడం అదే మొదలు.

థార్న్‌లీ అంటే వాళ్ళ పాత భాషలో, ముళ్ళచెట్ల మధ్య చదును చేసుకున్న జాగా అంట. ఇంగ్లండులో ఉత్తరం పక్క ఆ పేరుతో ఊర్లు ఒకటి కంటే ఎక్కువే ఉండాయంట. తన వాళ్ళు ఏ ఊర్నుంచి బయటపడినారో ఆయనకు తెలీదు, వాళ్ళ తాతకూ తెలీదు. ఆ పేరోళ్ళు ఇప్పుడు గుంపులుగా ఉండేది మాంచెస్టర్ చుట్టుపక్కల. బట్టల మిల్లులు పెట్టినప్పుడు పల్లెలు వదిలి అక్కడికి పోయినారు. ఇంకొందరు ఓడలెక్కి ఆస్ట్రేలియాకు, కెనడాకు, అమెరికాకు పోయినారు.

"మరి ఆ థార్న్‌లీ ఊర్లో ఎంతమంది ఉండారు సార్ మీ పేరోళ్ళు?" అన్నా.

"పోయి చూసినా. రెండు ఊర్లూ చూసినా. నాకు ఒక్కడూ దొరకలేదు," అని నవ్వినాడు. "ఊర్లో ఉండేవానికి ఊరి పేరెందుకు బాషా? అక్కడ అందరూ ఆ ఊరోళ్ళే కదా. పక్క ఊరికి పోయినాక, ఎవడు వీడంటే, ఫలానా ఊరోడంటారు. వదిలి పోయినోనికే ఊరి పేరు అంటుకుంటాది."

నిజమే అనిపించింది. మా పక్క తుమ్మలూరు ఇంటిపేరోళ్ళు తుమ్మలూరులో ఉండరు. నన్ను రాయచోటి బాషా అనేది కువైట్‌లోనే.

కువైట్ డైరెక్టరీలో కూడా ఆయనకు ఒక థార్న్‌లీ దొరికినాడంట. ఫోన్ చేసి పిలిచి, ఇద్దరూ కలిసి భోంచేసినారంట. మీకేమైతాడు సార్ అని అడిగినా. ఏమీ కాడు, బ్యాంకులో పని, మళ్ళా కలవలేదు అన్నాడు.

నాకు ఆశ్చర్యమేసింది. మా దిక్కు హిందువుల్లో ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ముల లెక్క. పిల్లనిచ్చి పుచ్చుకోరు. ఎక్కడో ముక్కూ మొగం తెలీని ఆడమనిషి అయినా, ఇంటిపేరు ఒకటని తేలితే అక్కో చెల్లెలో అయిపోతాది. ఇంగ ఆమె వంక చూసేదానికి కూడా లేదు. మా ముసల్మానుల్లో ఈ లెక్క వేరే. అయినా వాళ్ళ మధ్య పుట్టి పెరిగినోన్ని, నాకు వాళ్ళ లెక్క నోటికొచ్చు. వచ్చనే అనుకున్నా.

ఆగస్టు

ఒక గురువారం తెల్లారేసరికి ఇరాక్ టాంకులు రోడ్ల మీద ఉండాయి. యుద్ధం గురించి నేను రాయను. క్యాంప్ బాస్‌కు యుద్ధమంటే ఖుబూజ్ రొట్టె, నీళ్ళు, గ్యాసు సిలిండరు. మూడు వందల కడుపులకు రొట్టె కోసం బేకరీ ముందర లైన్లో నిలబడటం. మనుషులు భయపడకుండా ఏదో ఒక పని చెప్పడం. మావాళ్ళ చేత గోడలకు సున్నం కొట్టించినా ఆ నెలలో. ఎవరికోసం అని అడిగినారు. సద్దాం కోసం అన్నా.

మా కంపెనీ ఓనర్ ఎండాకాలం కదా, లండన్‌లో ఉండాడు. మేనేజరు ఒక పొద్దున కారేసుకొని సౌదీకి పోయినాడు, మా పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలోనే ఉండిపోయినాయి. ఇది బాగా గుర్తు పెట్టుకోండి, పిల్లోళ్ళారా. పెద్దోళ్ళు పోయేటప్పుడు చెప్పి పోరు. చెప్పి పోయేంత ధైర్యముంటే ఉండిపోయేవాళ్ళే. థార్న్‌లీని సైనికులు ఫ్లాటులో నుంచి తీసుకుపోయినారు, తెల్లోళ్ళందర్నీ బాగ్దాద్ పక్క పెట్టినారన్నారు. చలికాలంలో వదిలినారని తర్వాత తెలిసింది.

నెల గడిచేసరికి మనోళ్ళు, "ఖలాస్ అన్నా, ఇంగ పోదాం" అనడం మొదలుపెట్టినారు. దారి ఒకటే. బస్సులో బస్రా, బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దు. అమ్మాన్‌కు చేరితే మన దేశం విమానాలు ఉండాయి. పాస్‌పోర్టు లేనోళ్ళకు ఎంబసీ వాళ్ళు ఫొటో అంటించిన కాగితం ఇస్తాండారు. విడతలు విడతలుగా బస్సులు పంపినా. చివరి బస్సులో నేను, ఇంకో యాభై మంది మిగిలినాం.

ఆ బస్సు బయల్దేరే రెండ్రోజుల ముందర ఒక ఆడమనిషి క్యాంపు గేటు దగ్గరకొచ్చింది. నల్ల అబాయా, చేతిలో చిన్న సంచి, కాళ్ళు బొబ్బలెక్కి ఉండాయి. రిగ్గై నుంచి నడుచుకుంటా వచ్చిందంట. తెలుగోళ్ళ క్యాంపు యాడని అడుక్కుంటా వచ్చిందంట.

నీళ్ళిచ్చి కూర్చోబెట్టి నా ప్రశ్న నేనడిగినా. "ఏవూరమ్మా, ఏ ఇంటిపేరు?"

"తుమ్మలూరు ఓబులమ్మ," అనింది.

పెండ్లయిన మనిషి, మొగుని ఇంటిపేరు వేరే ఉంది. ఆమె చెప్పింది పుట్టినింటి పేరు. కష్టమొచ్చినప్పుడు ఆడమనిషికి పుట్టినిల్లే ముందు నోటికొస్తాది.

ఆమె పనిచేసే ఇంటోళ్ళు మొదటి వారంలోనే సౌదీకి పోయినారు. "మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, తాళాలు నా చేతిలో పెట్టి, రెండ్రోజుల్లో వస్తాం, ఇల్లు చూస్కో అనింది. చూసుకుంటా ఉండిపోతి. నిన్న సైనికులొచ్చి టీవీ, ఏసీలు పీక్కపోయిరి. వాళ్ళలో ఒకడు నువ్వొక్కదానివేనా అని అడిగె. మా ఆయన మిద్దె మీద నిద్రపోతాండాడు అంటి. వాడు మిద్దె వంక చూసి, రేపొస్తాంలే అనె. తెల్లారకముందే బయటపడితి."

బస్సులో సీటిస్తాను, భయపడొద్దు అన్నా.

"సీటు కాదన్నా," అనింది. "ఎవరి మనిషినని పోవల్ల నేను? యాభై మంది మొగోళ్ళతో అన్ని దినాలు ఎడారిలో వచ్చిందంటే మా ఊర్లో ఊరుకుంటారా? మా ఆయన గడప తొక్కనిస్తాడా? నాకు ఇద్దరు బిడ్డలుండారు. ఈడ బతికి ఆడ పోగొట్టుకుంటే ఏం లాభం?"

"నేనుండా కదమ్మా, పెద్దమనిషిని."

"నువ్వు తురకాయనవి కదన్నా. తప్పుగా అనుకోవాకు. అది ఇంకా పెద్ద మాటైతాది."

నేను తప్పుగా అనుకోలేదు. ఆమె ఊర్లో ఆమె బతికే లెక్క అది. మరి ఏం చేస్తావంటే, రిగ్గైకే మళ్ళా పోతా, మామా వస్తే వస్తాది అనింది. ఆ ఇంటికి మళ్ళా పోతే ఏమైతాదో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

నలుగురిలో అడిగినా

ఆ బస్సులో పోవలసినోళ్ళలో తుమ్మలూరు చెన్నారెడ్డి ఉండాడు. సెంట్రింగు మేస్త్రీ. మాట తక్కువ, పని నిక్కచ్చి. ఆయన కొట్టించిన చెక్కలో నుంచి సిమెంటు నీళ్ళు చుక్క కారవు. క్యాంపులో నా మాటకు ఎదురు చెప్పినోళ్ళు చానామంది, ఆయన మాటకు చెప్పినోళ్ళు లేరు. ఓబులమ్మ ఇంటిపేరు వినగానే నా మనసులో వెలిగింది ఆయనే. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నా.

మెస్సులో అందరూ తింటాండారు. అక్కడికే ఆమెను తీసుకుపోయి, "చెన్నారెడ్డీ, మీ తుమ్మలూరు ఆమె వచ్చింది, నీకు చెల్లెలైతాది. నీ తోడుతో పోతాది," అని గట్టిగా అన్నా.

చెన్నారెడ్డి తినే చెయ్యి ఆపి ఆమెను చూసినాడు.

"ఎవురోళ్ళమ్మా మీరు?"

మా దిక్కు ఆ ప్రశ్నకు అర్థం ఒకటే. అది నేను అడగని ప్రశ్న. నాకు అడగాలని కూడా తోచలేదు.

"మాలోళ్ళం రెడ్డీ," అనింది ఆమె. తల వంచుకోలేదు, గొంతూ పెంచలేదు.

"ఏ తుమ్మలూరు మీది?"

"ఏటికి అవతలదని మా జేజినాయన చెప్పేవాడు."

"మాది ఇవతలది." చెన్నారెడ్డి నా వంక తిరిగినాడు. "ఊరూ వేరే, కులమూ వేరే. పేరొకటైతే సరిపోతాదా బాషా? ఆమెను బస్సెక్కించుకో, నేను వద్దనను. నా పేరు మాత్రం ఆమెకు తగిలించొద్దు. రేపు మా ఊర్లో ఈ మాట పడితే మావాళ్ళలో తలెత్తుకొని తిరగల్లనా వద్దా నేను?"

నాకు పట్టుదల వచ్చింది. థార్న్‌లీ చెప్పిందంతా చెప్పినా. ఊరి పేరుకు కులం లేదు, ఊరు వదిలినోడు రెడ్డి అయినా మాల అయినా అదే పేరు అంటుకుంటాది, ఎప్పుడో మీ ఇద్దరి పెద్దోళ్ళూ ఏదో ఒక ఊరొదిలి మూట నెత్తిన పెట్టుకున్నోళ్ళే కదా అన్నా. చెన్నారెడ్డి అంతా విన్నాడు.

"ఆ ఇంగ్లీషాయన పేరున్నోడు దొరికితే ఏం చేసినాడన్నావు?"

"భోంచేసినారు."

"మళ్ళా కలిసినారా?"

"లేదు."

"మరింకేం," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఓబులమ్మ వెనక్కి తిరిగి గేటు వంక నడిచింది. ఈ ఉద్యోగంలోకి పోయేవాళ్ళు ఇది రాసి పెట్టుకోండి. ఒక మనిషిని పెద్ద సాయం అడగాల్సి వస్తే పక్కకు పిలిచి అడగండి. నలుగురి ముందర అడిగితే వాడు జవాబు చెప్పేది మనకు కాదు, ఆ నలుగురికి. చెన్నారెడ్డిని ఒంటరిగా అడిగుంటే ఒప్పుకునేవాడని నేననను. కాదనేదానికి కొంచెం కష్టపడేవాడు.

గేటు దగ్గర ఓబులమ్మను ఆపినా. "రిగ్గైలో ఆ సైనికుని చేతిలో పడేదానికంటే, ఊర్లో మొగుని చేతిలో తిట్లు మేలు కదమ్మా. ముందు ప్రాణాలతో ఊరు చేరు," అన్నా.

"తిట్లతో పోతే పర్లేదన్నా," అనింది. చివరకు ఆమెను మెట్టెక్కించింది నా మాట కాదు, బిడ్డల మొగాలనుకుంటా. రెండ్రోజుల తర్వాత డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన సంచి ఒడిలో పెట్టుకొని కూర్చుంది. పక్క సీటు ఖాళీ. యాభై మంది మొగోళ్ళు ఇరుక్కొని కూర్చున్నారు గానీ ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. కొందరు కింద కూర్చున్నారు.

బస్రా దాటినాక

చెక్‌పోస్టులు చానా వచ్చినాయి. ప్రతిచోటా నేను దిగి, సలాం చెప్పి, అందరూ హిందీలు, అంటే ఇండియా వాళ్ళు, కంపెనీ కూలోళ్ళు అని కాగితాల కట్ట చూపించేది. సిగరెట్లడిగితే సిగరెట్లు, గడియారం అడిగితే గడియారం. అవి పోతే పోనీ అనే కట్టుకొచ్చుకున్నాం.

బస్రా దాటినాక ఒకచోట మాత్రం ఒక సైనికుడు నా కట్ట చూడకుండా బస్సెక్కినాడు. వయసు మళ్ళినోడు, కండ్లు ఎర్రగా ఉండాయి. ఓబులమ్మ ముందర నిలబడి, ఈమె కూడా గోడలు కడతాదా అని అరబ్బీలో నన్నడిగినాడు. కువైటోళ్ళింట్లో పనిమనిషి, మాతోపాటు ఊరికి పోతాండాది అన్నా.

"మహరమ్ ఎవరు?"

ఆడమనిషి ప్రయాణంలో ఆమెకు తోడుండాల్సిన ఇంటి మొగోన్ని మహరమ్ అంటారు. తండ్రో, అన్నో, మొగుడో. ఆ మాట మావాళ్ళకు కొత్త, ఆ లెక్క కొత్త కాదు. "నేనే" అనబోయి ఆగినా. నా పేరు షేక్ మహబూబ్ బాషా, ఆమె పేరు ఓబులమ్మ, కాగితాలు రెండూ నా చేతిలోనే ఉండాయి. అబద్ధం పట్టుకుంటే బస్సు మొత్తం దించుతాడు.

"మహరమ్ లేకుంటే ఈడ దించు. విచారించి తర్వాత బస్సులో పంపిస్తాం," అన్నాడు సైనికుడు.

తర్వాత బస్సంటూ లేదు. ఓబులమ్మకు అరబ్బీ మా అందరికంటే బాగా వచ్చు, వంటింట్లో నేర్చింది కాబట్టి. అతనన్న ప్రతి మాటా అర్థమైంది. సంచి గట్టిగా పట్టుకొని నా మొగం వంక చూసింది. నా దగ్గర ఏమీ లేదు ఆమెకిచ్చేదానికి. సిగ్గేసింది నాకు, ఆ మాట ఇప్పటికీ చెప్తా.

వెనక సీట్లో అలికిడైంది. చెన్నారెడ్డి లేచినాడు. కింద కూర్చున్నోళ్ళను దాటుకుంటా ముందుకొచ్చి, ఆ ఖాళీ సీట్లో, ఓబులమ్మ పక్కన కూర్చున్నాడు.

"చెప్పు బాషా, నా చెల్లెలని," అన్నాడు.

నేను చెప్పినా. సైనికుడు నన్ను నమ్మలేదు. ఓబులమ్మ వంక వంగి, వీడెవడని ఆమెనే అడిగినాడు.

"అఖూయ్," అనింది ఆమె. మా అన్న అని.

"ఇంతసేపు వెనక ఎందుకు కూర్చున్నాడు మీ అన్న?"

ఓబులమ్మ తడుముకోలేదు. "అలిగినాడు. నేను ఊరికి రానంటి, ఆ ఇంట్లోనే ఉంటానంటి. కోపమొచ్చి మాట్లాడటం మానేసె," అని అరబ్బీలోనే చెప్పింది.

సైనికుడు చెన్నారెడ్డి మొగం చూసినాడు. అది ఎప్పుడూ అలిగినోని మొగమే. అది చూసి నవ్వినాడు. తన చెల్లెలు కూడా ఇట్లాంటిదే అన్నాడు. బస్సు దిగి, "యల్లా, పోండి," అని చెయ్యూపినాడు.

బస్సు కదిలి చాలా దూరం పోయినాక చెన్నారెడ్డి నా వంక వంగినాడు. "ఏం చెప్పింది ఆయప్పకు?" అని నన్ను అడిగినాడు. చెప్పినా. "అలిగినానంట," అన్నాడు ఆమె వంక తిరక్కుండానే. ఆయన వెనక్కి పోలేదు, జోర్డాన్ దాకా అక్కడే కూర్చున్నాడు.

సరిహద్దు దగ్గర గుడారాల్లో ఉండాల్సి వచ్చింది కొన్నాళ్ళు. ఎండ, దుమ్ము, నీళ్ళ లారీ ఎప్పుడొస్తాదో తెలీదు. మా బస్సు మొత్తానికి ఒక రేకు గ్లాసు ఉండేది. ఆడమనిషి కదా అని ముందు ఓబులమ్మకిచ్చేది. ఆమె తాగినాక గ్లాసు ఎవరికియ్యాలని అందరూ చూస్తాంటే, చెన్నారెడ్డి చెయ్యి చాచి తీసుకొని తాగినాడు. రొట్టె లైన్లో ఇద్దరిదీ ఆయనే తెచ్చేది. రాత్రి గుడారం వాకిట్లో అడ్డంగా పండుకునేది. ఓబులమ్మ "అన్నా, కొంచెం లోపలికి జరుగు, లారీలు పోతాండాయి" అనేది. ఆ గుడారాల్లో ఆమె వంక తప్పుగా చూసినోడు లేడు. తుమ్మలూరు వాళ్ళిద్దరు అని పక్క గుడారాల వాళ్ళు కూడా అనడం మొదలుపెట్టినారు.

అమ్మాన్, బొంబాయి, రైలు, చివరకు రాయచోటి బస్టాండు. అక్కడ చెన్నారెడ్డి నన్నూ ఆమెనూ పక్కకు పిలిచినాడు. ఈసారి నలుగురిలో కాదు.

"చూడమ్మీ, ఇంగ ఈడ నువ్వెవరో నేనెవరో. ఊర్లో ఈ మాట ఎత్తొద్దు. మీ ఆయన అడిగితే బాషాను అడగమను. బాషా చెప్తాడు, నీ మీద ఎవరి నీడా పడలేదని."

"సరే రెడ్డీ," అనింది ఆమె. సంచి తీసుకొని లక్కిరెడ్డిపల్లి బస్సెక్కింది. బస్సు పోయేదాకా చెన్నారెడ్డి ఇంకో పక్కకు తిరిగి నిలబడినాడు.

నాకు మండింది. అక్కడ చెల్లెలైన మనిషి ఇక్కడ ఎందుకు కాదని అడిగినా. అక్కడ తుపాకీ ఒకటే ఉంది బాషా, ఇక్కడ మావాళ్ళుండారు అన్నాడు. ఆ మాటను నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ ఆ బస్సులో లేచింది ఆయనొక్కడే, మిగతా నలభై తొమ్మిది మంది కాదు. మనుషుల్ని తూకమేసేటప్పుడు రెండూ ఒకే తక్కెట్లో పెట్టండి. క్యాంప్ బాస్‌కు పూర్తి మంచోడు ఎప్పుడూ దొరకడు. ఉండేవాళ్ళతోనే రూములు నింపాల్సి ఉంటాది.

ఆమె మొగుడు నా దగ్గరకు వచ్చినాడు, అడిగినాడు, నేను చెప్పినా. విని కాసేపు కూర్చొని, టీ తాగి పోయినాడు. ఆమె ఇల్లు నిలబడింది.

మళ్ళీ కువైట్

యుద్ధం అయిపోయినాక నేను మళ్ళా పోయినా. ఓబులమ్మ కూడా వచ్చింది, అదే రిగ్గై ఇంటికి. మామా తిరిగొచ్చి మనిషిని పంపించి మరీ పిలిపించింది. థార్న్‌లీ కొన్నాళ్ళకు వచ్చినాడు, చిక్కి సగమైపోయినాడు. ఆయనకు ఈ కథ చెప్పినా. విని, ఆ తుమ్మలూరు రెండూ ఎంత దూరం అని అడిగినాడు, అంతే. ఆయన అట్లాంటోడే.

చెన్నారెడ్డి మళ్ళీ కువైట్ రాలేదు. ఊర్లోనే ఉండి శనక్కాయలు పండించుకున్నాడు. ఓబులమ్మ శుక్రవారం అబ్బాసియాకు బజారుకొస్తే క్యాంపు గేటు దగ్గర పలకరించి పోయేది. ఆయన గురించి ఆమె ఎప్పుడూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. చానా ఏండ్లు అట్లే గడిచినాయి. సెల్‌ఫోన్లు వచ్చినాయి, నా గడ్డం తెల్లబడింది.

ఒకరోజు ఊర్నుంచి ఫోన్ వచ్చింది, చెన్నారెడ్డి పోయినాడని. పొలంలో గుండె ఆగిందంట. ఆమెకు చెప్పాలా వద్దా అని కొంచెం ఆలోచించి, తెలిసినోడు కదా, చెప్పడం ధర్మమని ఫోన్ చేసినా.

విషయం చెప్పినా.

"ఎప్పుడన్నా?" అనింది.

"నిన్న పొద్దున."

"మంచిపని చేస్తివి చెప్పి. నాకు ఒంట్లో బాగలేదని మామాకు చెప్పి మూడు దినాలు వంటింట్లోకి పోను."

"ఏమైందమ్మా నీకు?"

"నాకేం కాలేదన్నా. మాయన్న పోయినాడు కదా, పుట్టినింటి మైల. మైల చేత్తో వాళ్ళకు అన్నం ఎట్ల వండేది?"

నేను ఇంకేదో అనేలోపల ఫోన్ పెట్టేసింది. చావు కబురు విన్న వెంటనే తలకు పోసుకోవల్లంట.